ఏడుపు, మాటలు లేవు

ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. టైము ఉదయం తొమ్మిది నలభై.

లోపల ఉన్నది ఒక్కడే మనిషి. ముప్పై ఆరేళ్ళ ఇంజనీరు. మెడలో వేలాడుతూ రొమ్ము మీద కంపెనీ కార్డు, చర్మం కింద అగ్గిపెట్టెంత పేస్‌మేకర్. ఈ కంపెనీ అమ్మే 'తోడు' అనే పరికరానికి చెవులు అమర్చింది ఇతనే. దేశంలో ప్రతి మూడిళ్ళలో రెండిళ్ళలో తోడు ఉంది. లైటు వేస్తుంది, పాట పెడుతుంది, పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పిస్తుంది. మిగిలిన టైమంతా వింటుంది.

"లిఫ్ట్ ఎందుకాగింది?" అన్నాడు ఇంజనీరు.

"ఎనిమిది నిమిషాల క్రితం మీరు మెట్ల దగ్గర నిలబడి ఎవరికో ఫోన్ చేశారు," అంది తోడు, పైకప్పులోంచి, ఎంతో ఆప్యాయంగా. "'శనివారం డిబేట్' అన్నారు. 'ఆవిడ గుండె' అన్నారు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

ఇంజనీరు తలుపు మీద బాదాడు. మూడోసారి బాదడానికి చెయ్యి ఎత్తాడు గానీ, దించింది అతను కాదు. చెయ్యి దానంతటదే పడిపోయింది. లిఫ్ట్ మళ్ళీ కదిలి, ఎనిమిదో అంతస్తులో మర్యాదగా తలుపు తెరిచింది.

*

ఆ ఫోన్ అందుకున్న మనిషి పదకొండింటికి ఒక లాండ్రీ వెనక గదిలో దుప్పట్లు మడతపెడుతున్నాడు. గూఢచారి శాఖలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. శాఖ ఆఫీసుని లాండ్రీలోకి మార్చింది ఆయనే. వాషింగ్ మెషీన్ల రొదలో తోడుకి ఏమీ వినపడదట.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఏజెంటు పేరు గొడుగు. కోడ్ నేమ్. అసలు పేరు శాఖలో ముగ్గురికే తెలుసు, నాకు మాత్రం తెలియదు.

"మీ అత్తగారు," అన్నాడు పెద్దాయన.

గొడుగు మొహం మాడిపోయింది. "ఆవిడేం చేసింది?"

"ఇంకా ఏం చేయలేదు. శనివారం నాలుగింటికి చేస్తుంది."

అత్తగారు రిటైరైన జడ్జి. 'ఇంట్లో మాట ఇంటివాళ్ళది, అడక్కుండా పరాయివాళ్ళు విని దాచుకుంటే నేరం' అని చట్టం ముసాయిదా రాసింది ఆవిడే. శనివారం సాయంత్రం నాలుగింటికి తోడు కంపెనీ హాల్లోనే ఆ కంపెనీ డైరెక్టరుతో డిబేట్. టీవీలో లైవ్. ఆరింటికి చట్టసభలో ఓటు.

"డైరెక్టరు పరాయి దేశపు ముఠా మనిషి," అన్నాడు పెద్దాయన. "మనవాళ్ళ ఇళ్ళలో మాటలన్నీ అటు పోతున్నాయి. చట్టం వస్తే వాళ్ళ దుకాణం బంద్. పొద్దున నాకు ఫోన్ చేసిన వాళ్ళ ఇంజనీరు గుండె ఆగి పోయాడు. అతనికి పేస్‌మేకర్ ఉంది. మీ అత్తగారికీ ఉంది. దాన్ని బయటినించి ఎలా ఆపుతున్నారో మాత్రం తెలీదు. అది కనుక్కోవడం నీ పని."

"డిబేట్ మానుకోమనండి."

"అన్నానయ్యా. 'నా గుండెకి బ్యాటరీ ఉంది గానీ భయం లేదు' అని ఫోన్ పెట్టేసింది."

గొడుగు చెప్పి చూద్దామంటే అతనికీ ఆవిడకీ మాటలు లేవు. మూడేళ్ళ కిందట అతని భార్య, అంటే ఆవిడ ఏకైక కూతురు, జబ్బు చేసి పోయింది. ఆ రోజు అతని కంట ఒక్క చుక్క రాలేదు. ఏడవకుండా ఉండటం శాఖలో నేర్పిన విద్య. నేర్చుకున్నాక అది వదలదని అక్కడెవరూ చెప్పలేదు. అతను బీమా ఆఫీసులో గుమాస్తా అనుకుంటున్న అత్తగారు మాత్రం అందరి ముందూ అనేసింది: "రాయి కూడా ఎండకి చిట్లుతుంది. ఈ మనిషి ఫారం నింపుకుని వెళ్ళిపోతాడు చూడండి." తర్వాత ఇద్దరూ మొహాలు చూసుకోలేదు.

పక్క గదిలోంచి సామాన్ల మేస్త్రి వచ్చాడు. శాఖకి గ్యాడ్జెట్లు తయారుచేసేవాడు. గుండీ కెమెరా, పెన్ను పిస్తోలు లాంటివి ఆశించిన గొడుగు చేతిలో అతను ఒక తెల్ల చేతిరుమాలు పెట్టాడు.

"ఇదేంటి?"

"కొత్తవాళ్ళ చేతిలో బ్యాటరీ ఉన్న సామాను ఏదీ ఆ బిల్డింగు గేటు దాటదు. దీని అంచులో రంపపు తీగ ఉంది. నైలాన్ తాడుని మెల్లిగా కోస్తుంది. తిరిగిచ్చేటప్పుడు ఉతికివ్వు, బాబూ."

*

కంపెనీలో శాఖకి ఒక మనిషి ఉంది. పబ్లిసిటీ చూసే ఆఫీసరు. నెమలి అని కోడ్ నేమ్. ఆకుపచ్చ, నీలం కలిసిన సిల్కు స్కార్ఫ్ లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు, ఆమె నడిచొస్తుంటే లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్ళు లిఫ్ట్ సంగతి మరిచిపోతారు.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు గొడుగు, రిసెప్షన్లో.

"నా చెప్పులు కొత్తవి," అంది నెమలి. అది జవాబు కోడ్. తర్వాత గొంతు తగ్గించింది. "నాలుగో అంతస్తులో చేరుతున్నావు. క్లిప్పులు విని రాసే పని. వెంట్రుకలకి రంగేశావా? బావుంది, పదేళ్ళు పెరిగావు."

నాలుగో అంతస్తు హాల్లో అరవైమంది. అందరి చెవుల మీదా హెడ్‌ఫోన్లు, కాళ్ళ కింద క్లిప్పు ఆపే పెడల్, ఎదురుగా స్క్రీన్. ఇళ్ళలో విన్నవాటిలో తోడుకి అనుమానం వచ్చిన ముక్కలన్నీ ఇక్కడికే వస్తాయి. అది దగ్గా, తుమ్మా? తిట్టా, ముద్దా? వీళ్ళు విని రాస్తారు. వీళ్ళు రాసింది చూసి తోడు నేర్చుకుంటుంది. లోకమంతా కృత్రిమ మేధ అని నోరు తెరుచుకుని చూసేది ఈ అరవైమంది చెవులే.

హాలు పెద్ద ఒకావిడ. యాభై దాటాయి. పన్నెండేళ్ళుగా అదే కుర్చీ, ఏడుపు క్లిప్పులన్నీ ఆఖరుగా ఖరారు చేసేది ఆవిడే. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్క.

"అన్నం డబ్బా తెచ్చుకున్నావా? ఆ మూల మెయిన్ స్విచ్ గదిలో పెట్టు. వెచ్చగా ఉంటుంది," అంది అక్క. "కరెంటు పోతే కంగారుపడకు. జనరేటరు పన్నెండు సెకన్లకి అందుకుంటుంది. ఆ పన్నెండు సెకన్లే మాకు సెలవు."

మొదటి గంటలోనే గొడుగు హెడ్‌ఫోన్లో ఒక ఆడగొంతు ఏడ్చింది. మధ్యమధ్య మాటలు. ఎవరో చెల్లెలు, ఏదో తప్పు, క్షమించమని. గొడుగు రాయడం మొదలుపెట్టాడు. అక్క వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏడుపొస్తే పెడల్ నొక్కు. 'ఏడుపు, మాటలు లేవు' అని కొట్టు. అంతే."

"మాటలున్నాయి కదక్కా."

"ఉంటే? అవి మనకి చెప్పినవా?" అక్క గొంతు తగ్గించింది. "ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. మొదటి ఏడాది నా పక్క సీటావిడ అలాంటిదొకటి రాయలేక, చెయ్యి ఆడక, ఇలా కొట్టేసింది. అది చూసి మేమంతా. వినకుండా ఉండలేం, మా పొట్ట అలాంటిది. రాయకుండానైనా ఉండొచ్చు కదా, నాయనా."

"అంటే ఏడుపులో మాటలుంటాయని తోడుకి తెలీదు."

"ఎవరు నేర్పాలి దానికి? మేమే కదా!" అక్క నవ్వి, అతని మొహం తేరిపార చూసింది. "మొదటి రోజు ఇక్కడ ఏడవనివాళ్ళు లేరు. నీ కళ్ళేంటి, ఎండిన కుళాయిలా ఉన్నాయి?"

*

శనివారం మూడున్నరకి నెమలి కబురు పంపింది. డిబేట్ హాలు పక్కనే మేకప్ గది, అర్జెంటు.

గొడుగు తలుపు తోశాడు. అద్దం ముందు కుర్చీలో డైరెక్టరు, బంగారు ఫ్రేము కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. వెనక ఇద్దరు గార్డులు. గోడకి ఆనుకుని నెమలి. ఆమె గొడుగు వైపు చూడటం లేదు.

"చేతులు వెనక్కి," అంది నేల చూస్తూ.

అతను పప్పులో కాలేశాడు, అదీ మోకాలి దాకా. గార్డులు జేబులన్నీ వెతికారు. రుమాలు తప్ప ఏమీ దొరక్క, దాన్ని మళ్ళీ వెనక జేబులోనే కుక్కి, కుర్చీకి కట్టేశారు.

"ఎందుకు?" అన్నాడు గొడుగు నెమలితో.

"మా ఇంట్లో కూడా తోడు ఉంది," అంది నెమలి. "మూడేళ్ళ కిందట నేను ఒక మాట అన్నాను. అది బయటికొస్తే మా అమ్మ బతకదు. వీళ్ళ దగ్గర ఉంది. నీకు అర్థం కాదు."

"వెళ్ళి జడ్జిగారికి మైకు పెట్టు," అన్నాడు డైరెక్టరు. నెమలి బల్ల మీద ఉన్న నల్లటి కాలర్ మైకు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు అర్థమైంది గొడుగుకి. ఇంజనీరు రొమ్ము మీద కార్డు. అత్తగారి రొమ్ము మీద మైకు.

"తెలివైనవాడివే," అన్నాడు డైరెక్టరు, అతని చూపు మైకు వెంట పోవడం చూసి. "గుండె యంత్రాన్ని ఆపే మీట అందులోనే ఉంది, జానెడు దూరంలో ఉంటేనే పని చేస్తుంది. నాలుగు నలభైకి ఆవిడ ముగింపు మాట. అప్పుడు గుండె ఆగుతుంది. ఆ వెంటనే స్పీకర్లలో ఆవిడ గొంతు వినిపిస్తుంది. 'నేను పొరబడ్డాను' అని. ఆ గొంతు మా తోడు తయారుచేసింది. కన్నకూతురు కూడా పోల్చుకోలేదు." చిన్నగా నవ్వాడు. "అయ్యో, మర్చిపోయాను. కూతురు లేదు కదా!"

గొడుగు పళ్ళు కొరికాడు.

"నీ నోరు కట్టను. ఈ గదిని తోడు వింటోంది, ఆ హాలునైతే వింటోంది, చూస్తోంది కూడా. మైకు అనో, గుండె అనో నువ్వు అరిచిన మరుక్షణం అది పని ముందే ముగించేస్తుంది. ఆవిడ ప్రాణం నీ నాలుక మీద పెట్టి వెళ్తున్నాను. జాగ్రత్త."

తలుపు మూసుకుంది. కరెంటు తాళం టిక్కుమంది.

*

గోడ మీద రెండు స్క్రీన్లు. ఒకదానిలో డిబేట్. రెండోదానిలో ఈ గదిలో తోడు వింటున్నదంతా అక్షరాలై పాకుతోంది. 'కుర్చీ కిర్రుమంది.' 'ఊపిరి, వేగంగా.'

"దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకి భయమెందుకండీ?" అంటున్నాడు స్టేజీ మీద డైరెక్టరు. "మీ పిల్లాడికి జ్వరమొస్తే దగ్గు విని మీకంటే ముందు చెప్పింది తోడు. ముసలాయన బాత్రూములో జారిపడితే అంబులెన్సు పిలిచింది తోడు. ఇవన్నీ వద్దంటారా?"

హాలు చప్పట్లు కొట్టింది. నిజం చెప్పాలంటే అతను చెప్పినవి అబద్ధాలు కావు. అదే అందులో ఉన్న విషం.

"మీ బాత్రూముకి తలుపుందా బాబూ?" అంది అత్తగారు. నల్లకోటు, దాని మీద ఆ మైకు. "ఉంది కదా. ఏం నేరం చేయడానికి పెట్టించుకున్నారు?"

హాలు గొల్లుమంది. ఈసారి చప్పట్లు ఎక్కువసేపు మోగాయి.

గొడుగు వేళ్ళు వెనక జేబులోంచి రుమాలు లాగాయి. తాడు కోస్తున్నాడు. కానీ తాడు తెగినా తలుపు తెరుచుకోదు, తలుపు తెరుచుకున్నా హాలంతా కెమెరాలు. తోడు కళ్ళూ చెవులూ ఒక్క పది సెకన్లు మూతపడాలి. పన్నెండైతే మరీ మంచిది.

అక్క గుర్తొచ్చింది.

గొడుగు ముక్కు ఎగబీల్చి, భుజాలు కదిలించి, ఏడుపు లంకించుకున్నాడు. మధ్యలో 'నీళ్ళు' అని ఒక్క మాట వేసి చూశాడు.

"మీరు నటిస్తున్నారు," అంది తోడు. "'నీళ్ళు' అన్నారు. తెప్పించమంటారా?"

ఆ అరవైమంది పన్నెండేళ్ళపాటు నిజమైన ఏడుపులే వినిపించి దీన్ని పెంచారు. దొంగ ఏడుపుని ఇది ఇట్టే పట్టేస్తుంది. నిజంది కావాలి. నిజంది అతని దగ్గర లేదు.

టైము నాలుగున్నర.

"నాలుగున్నర అయింది," అంది తోడు, గొంతు మార్చి. ఇంట్లో మాట్లాడే గొంతు అది. అతని గొంతు గుర్తుపట్టి, అతని ఇంటి డ్యూటీ కూడా ఇక్కడే చేస్తోంది. "అమ్మగారికి మాత్రల టైమైంది. వేసుకున్నారా?"

ఇది శాఖలో ఎవరికీ తెలియని సంగతి. ఇంట్లో తోడు ఉండకూడదని ఏజెంట్లకి గట్టి ఆర్డరు. భార్య జబ్బుపడ్డప్పుడు కొన్న ఆ తోడుని గొడుగు పారేయలేదు. రోజూ నాలుగున్నరకి అది అడుగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడల్లా "వేసుకుంది" అంటాడు. మూడేళ్ళుగా అంటున్నాడు. ఆ ఒక్క మాట అన్నంతసేపూ ఆమె పక్క గదిలో, మాత్ర మింగి మొహం చిట్లించుకుంటూ ఉన్నట్టే ఉండేది. ఆఖరి రోజు కూడా ఆమె ఫోన్లో అన్నది అదే: "వేసుకున్నాలే. నువ్వు గొడుగు తీసుకెళ్ళావా, తడుస్తావు." అతను ఊరు కాని ఊళ్ళో డ్యూటీలో ఉన్నాడు. వచ్చేసరికి ఆమె లేదు.

"వేసుకున్నారా?" అంది తోడు మళ్ళీ.

"లేదు," అన్నాడు గొడుగు. "లేదు... ఆమె లేదు..."

అంతే. మూడేళ్ళది ఒక్కసారి తెగింది. ముక్కు, నోరు, గొంతు ఏవీ అతని మాట వినలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి, ఊపిరందక ఏడ్చాడు. సిగ్గు వేయలేదు. స్క్రీన్ మీద అక్షరాలు పాకాయి.

'ఏడుపు. మాటలు లేవు. పరిశీలనకి నాలుగో అంతస్తుకి పంపడమైనది.'

అతనిలోని ఏజెంటు ఏడుస్తూనే మేలుకున్నాడు.

"అక్కా... అక్కా, నేను... కొత్తగా చేరినవాణ్ణి..." వెక్కిళ్ళ మధ్య మాటలు ముక్కలై వచ్చాయి. "జడ్జిగారి మైకు... అది చంపుతుందక్కా... నాలుగు ముప్పై తొమ్మిదికి... మెయిన్ ఆపెయ్... మా అత్తయ్య అక్కా... ఆమె తల్లి... ఆవిడని కూడా పోగొట్టుకోలేనక్కా..."

'ఏడుపు. మాటలు లేవు.'

అరనిమిషానికి ఇంకో లైను పడింది. 'నాలుగో అంతస్తు: ఏడుపు, మాటలు లేవు. ఖరారు.'

అక్క విన్నదా? లేక అలవాటు కొద్దీ పెడల్ నొక్కేసి పక్క క్లిప్పుకి వెళ్ళిపోయిందా? ఎవరిని అడగాలి? తాడు మీద రంపం ఆడిస్తూ గొడుగు గడియారం చూస్తున్నాడు.

ముప్పై ఎనిమిది. తాడు తెగింది.

ముప్పై తొమ్మిది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ముప్పై తొమ్మిదిన్నర. స్టేజీ మీద అత్తగారు లేచి నిలబడింది. డైరెక్టరు కళ్ళజోడు సర్దుకుంటున్నాడు. గొడుగు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తలుపుకి ఆనుకున్నాడు.

ఇంకో పది సెకన్లుందనగా బిల్డింగంతా చీకటైంది. తాళం టిక్కుమంది.

ఒకటి. తలుపు. మూడు. మెట్లు. ఐదు. ఎవరి కాళ్ళో తొక్కాడు, ఎవరో తిట్టారు. ఎనిమిది. నల్లకోటు గరుకు చేతికి తగిలింది. క్లిప్పు రాలేదు. పదకొండు. కోటు గుడ్డతో సహా పీకాడు. చీకట్లో అతని చెంప ఛెళ్ళుమంది.

"ఎవడ్రా నువ్వు!" అంది అత్తగారు.

పన్నెండు. లైట్లు వచ్చాయి. గొడుగు బూటు కింద నల్లటి మైకు చిన్నగా బుస్సుమని పొగ చిమ్మింది. చెప్పిన టైముకి తోడు తన పని తాను చేసుకుపోయింది. చంపింది బూటునని దానికి తెలియదు. ఆ వెంటనే హాలు స్పీకర్లలో, దేశమంతా టీవీల్లో, జడ్జిగారి గొంతు ఎంతో బాధగా పలికింది.

"నేను పొరబడ్డాను. ఈ చట్టం వద్దు. తోడుని నమ్మండి..."

మూడు కెమెరాల ముందు జడ్జిగారు పెదవులు బిగించుకుని నిలబడి ఉంది. ఆ గొంతు పూర్తయ్యేదాకా కదల్లేదు.

"నేను నోరు తెరవలేదు," అంది ఆఖరికి, మైకు లేకుండా, వెనక వరసకి కూడా వినపడేంత గట్టిగా. "అందరూ చూశారు కదా. ఆరింటికి ఓటు ఉంది."

డైరెక్టరు కాళ్ళకి బుద్ధి చెప్పాడు. పక్క ద్వారం దగ్గర కర్టెన్లు ఉతకడానికి వచ్చిన లాండ్రీ వాళ్ళు నలుగురు అతన్ని దుప్పట్లో చుట్టి వ్యాన్లో వేశారు.

*

నెమలిని మేకప్ గదిలోనే కూర్చోబెట్టారు. స్కార్ఫ్ నలిగిపోయి ఒళ్ళో పడి ఉంది. నాలుగో అంతస్తు నుంచి దిగి వచ్చిన అక్క ఆమె ఎదురుగా నిలబడింది.

"ఆలస్యమైంది, ఏమనుకోకు," అంది ముందు గొడుగుతో. "స్విచ్ ముందు అరవై డబ్బాలు అడ్డం." తర్వాత నెమలి వైపు తిరిగింది. "నీది వాళ్ళ దగ్గర ఏముందో ఎప్పుడైనా వినిపించారా తల్లీ?"

"లేదు. 'నీకు తెలుసు కదా' అనేవాళ్ళు."

"ఆ మాట అన్నప్పుడు ఏడుస్తున్నావు కదూ? వెనక కుళాయి కారుతోంది. ఆ క్లిప్పు నాకే వచ్చింది. మాటలు లేవని కొట్టాను, అలాంటివి నెలాఖరుకి చెరిపేస్తారు. వాళ్ళ దగ్గర ఏమీ లేదు."

నెమలి ఒక ప్రాణం తీయబోయింది ఖాళీ బెదిరింపుకి. పోలీసులు వచ్చి తీసుకెళ్ళేటప్పుడు స్కార్ఫ్ ఆ కుర్చీలోనే వదిలేసింది.

చట్టం గెలిచింది. మర్నాడు ఉదయం లాండ్రీ వెనక గదిలో జడ్జిగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. కేసుకి సాక్ష్యం కావాలి కాబట్టి గొడుగు క్లిప్పు విని, అందులో ఉన్నది అక్క చేత రాయించాలి. పెద్దాయన దుప్పట్లు మడతపెడుతూ అటు తిరిగాడు. గొడుగు కాళ్ళు చూసుకుంటున్నాడు. చెంప మీద నాలుగు వేళ్ళూ ఇంకా తేలి ఉన్నాయి.

ఆవిడ మొత్తం విన్నది. మళ్ళీ మొదటినుంచి విన్నది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, అల్లుడి జేబులోంచి రుమాలు లాక్కుంది.

"బీమా ఆఫీసా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కాదత్తయ్యా."

"రోజూ నాలుగున్నరకేనా?"

"ఊఁ."

"ఇకనించి ఆ టైముకి మా ఇంటికి రా. ఇద్దరం చెప్పుకుందాం, వేసుకుందని."

అక్క గొంతు సవరించుకుంది. "అమ్మగారూ, రికార్డులో ఏం రాయమంటారు? కోర్టు వ్యవహారం కదా, ఉన్నవన్నీ రాయాలేమో."

ముప్పై ఏళ్ళు న్యాయపీఠం మీద కూర్చుని, సాక్ష్యంలో అక్షరం పోతే అగ్గిమీద గుగ్గిలమైన మనిషి ఆవిడ. ఒక్క క్షణం ఆలోచించింది.

"మైకు గురించి అన్నది రాయి. మిగతాది, 'ఏడుపు, మాటలు లేవు' అని కొట్టు."

సామాన్ల మేస్త్రి రుమాలు కోసం ఇప్పటికి నాలుగు మెమోలు పంపాడు. అది జడ్జిగారి స్వాధీనంలో ఉందని, కావాలంటే స్వయంగా వెళ్ళి అడగమని గొడుగు జవాబు రాశాడు. వెళ్ళే ధైర్యం శాఖలో ఇంకా ఎవరికీ రాలేదు.